"లో రిస్క్ అని రాశారు కదా, ఇంక భయం లేదా?": ఆత్మహత్య ముప్పు గురించి పరిశోధనకు తెలిసినదెంత

కదిరి దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒక తల్లికి మొన్న బెంగళూరులో ఒక ఆసుపత్రిలో మాటసాయం చేశాను. ఆవిడకు కన్నడ కొద్దిగా అర్థమవుతుంది, ఇంగ్లీషు రాదు. ఇరవై రెండేళ్ల కొడుకు మారతహళ్లి వైపు సెంట్రింగ్ పనిచేస్తాడు. ప్రాణం తీసుకోబోయి బతికాడు. నాలుగు రోజులు వార్డులో ఉండి ఆ రోజే డిశ్చార్జి అవుతున్నాడు. ఆవిడ కాగితం మడతలు విప్పి నా చేతిలో పెట్టింది. రెండో పేజీ అడుగున డాక్టరు చేతిరాత: "కరెంట్ రిస్క్: లో." అంటే ఇప్పటికి ముప్పు తక్కువ అని. చదివి చెప్పాను.

"అంటే ఇంగ బయం లేదంటావా మ్మా?" అంది.

ఔననలేకపోయాను, కాదనీ అనలేకపోయాను. ఆ ఒక్క మాట వెనక యాభై ఏళ్ల పరిశోధన ఉంది, పెద్ద వాదన ఉంది. పైగా ఈ మధ్య "పది ప్రశ్నలకు జవాబు చెప్పండి, మీ పిల్లల ముప్పు స్కోరు తెలుసుకోండి" అనీ, "ఏఐ ముందే కనిపెట్టేస్తుంది" అనీ మన అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో మెసేజీలు తిరుగుతున్నాయి. పిల్లల్ని పీజీల్లో పెట్టి అనంతపురంలోనో గుంటూరులోనో ఉన్న తల్లిదండ్రులు వాటిని నమ్మాలో వద్దో తేల్చుకోలేకపోతున్నారు. ఆ తల్లి అడిగిన ప్రశ్నకు నాకు తెలిసినంత జవాబు ఇక్కడ విడమరచి చెబుతాను.

ఆలోచన, ప్రయత్నం, మరణం: మూడూ ఒకటి కావు

"సూసైడల్" అనే ఒక్క మాటలో మనం మూడు వేర్వేరు విషయాలను కలిపేస్తాం. చనిపోతే బాగుండును అనే ఆలోచన చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. వాళ్లలో ఎక్కువమంది ప్రయత్నం దాకా వెళ్లరు. ప్రయత్నించినవాళ్లలోనూ ఎక్కువమంది బతుకుతారు. ఒక మరణానికి సుమారు ఇరవై ప్రయత్నాలు ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆలోచన కలిగించే కారణాలూ, ఆలోచన నుంచి ప్రయత్నం దాకా నెట్టే కారణాలూ ఒకటి కావన్నది గత ఇరవై ఏళ్లలో బలపడిన అవగాహన. నిరాశ, ఎవరికీ పనికిరానన్న భావం, ఇంటివాళ్లకు భారమయ్యానన్న భావం ఆలోచనకు దారితీస్తాయి. ఆ గడియలో ప్రమాదకరమైన సాధనం చేతికి అందడం, ముందెప్పుడో ఒక ప్రయత్నం జరిగి ఉండటం, తాగి ఉండటం మనిషిని అవతలి మెట్టుకు నెడతాయి.

ఇంకో తేడా కూడా ఉంది. బీపీ, షుగరు ఉన్నవాళ్లకు గుండెజబ్బు ముప్పు ఎక్కువ. కానీ ఛాతీ పట్టేసి చెమటలు పట్టడం వేరు, అది ఇప్పుడే ఆసుపత్రికి పొమ్మనే హెచ్చరిక. ఇక్కడా అంతే. నిరుద్యోగం, అప్పు, తాగుడు, డిప్రెషన్ ముప్పును పెంచే అంశాలు. నాలుగైదు రోజులుగా నిద్ర లేకపోవడం, ఉన్నట్టుండి అందరికీ వీడ్కోలు చెప్పినట్టు మాట్లాడటం, "నేను లేకపోతే మీకే సుఖం" అనడం హెచ్చరికలు. వాట్సాప్ ఫారాలు మొదటి రకాన్ని లెక్కపెట్టి రెండో రకం గురించి భరోసా ఇస్తాయి. గందరగోళమంతా అక్కడే మొదలవుతుంది.

చనిపోయినవారి గురించి ఎలా తెలుస్తుంది? వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో 88, 37

కారణం అడుగుదామంటే ఆ మనిషి లేడు. అందుకే 1950ల చివర లాస్ ఏంజెలెస్‌లో ఒక పద్ధతి పుట్టింది. దాన్ని సైకలాజికల్ అటాప్సీ అంటారు. చనిపోయిన మనిషి భార్యనో భర్తనో, అన్ననో, స్నేహితుణ్నో కూర్చోబెట్టి, చివరి నెలల్లో నిద్ర ఎలా ఉండేది, ఎవరితో గొడవ పడ్డాడు, తాగేవాడా, ఏ మందు వాడేవాడు అని గంటల తరబడి ఓపిగ్గా అడుగుతారు. అదే వయసు, అదే ఊరు ఉన్న బతికున్న మరో మనిషి గురించీ అవే ప్రశ్నలు వేసి, రెండు జాబితాలనూ పక్కపక్కన పెడతారు.

బెంగళూరులో జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ పరిశోధకులు ఇలా 269 మరణాలను 269 మంది బతికున్నవారితో పోల్చి 2004లో ఫలితాలు ప్రచురించారు. ఏ ఒక్క కారణమూ తేలలేదు. కుటుంబ కలహం, తాగుడు, మానసిక జబ్బు, ఉన్నట్టుండి వచ్చిపడిన ఆర్థిక నష్టం, ఇంట్లో హింస ఒకదానిమీద ఒకటి పేరుకుపోయి కనిపించాయి. "పరీక్ష తప్పినందుకు", "లవ్ ఫెయిల్యూర్‌తో" అని హెడ్డింగు పెట్టే పత్రికవాళ్లు ఈ అధ్యయనం చదవాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

అసలు చిక్కుముడి తమిళనాడులో ఉంది. చెన్నైలో 1999లో వచ్చిన ఇలాంటి అధ్యయనం, చనిపోయిన 100 మందిలో 88 శాతానికి మానసిక జబ్బు ఉన్నట్టు గుర్తించింది. వెల్లూరు దగ్గర గ్రామాల్లో 2010లో వచ్చిన అధ్యయనంలోనూ 100 మందే. కానీ అక్కడ జబ్బు ఉన్నవారు 37 శాతం. ఆ అధ్యయనంలో బయటపడిన ఇతర ముప్పులు ఎడతెగని ఒత్తిడి, దీర్ఘకాలపు నొప్పి, ఒంటరిగా ఉండటం, ఆ ఏడాదిలో తెగిపోయిన బంధం.

ఎవరిది తప్పు? నా దృష్టిలో ఎవరిదీ కాదు. నగరం వేరు, పల్లె వేరు. తాగుడును జబ్బుగా ఎక్కడ మొదలుపెట్టి లెక్కించాలి, కష్టంలో ఉన్న మనిషి దిగులును ఏ గీత దాటితే డిప్రెషన్ అనాలి అన్న నిర్ణయాలే అంకెను అటూ ఇటూ లాగేస్తాయి. దుఃఖంలో ఉన్న కుటుంబం జ్ఞాపకం కూడా కారణాన్ని వెతుక్కుంటూ వెనక్కి నడుస్తుంది. ఈ తేడా పండితుల చర్చగానే మిగిలిపోదు. 88 నిజమైతే డబ్బు సైకియాట్రీ వార్డులకు వెళ్లాలి. 37 నిజమైతే అప్పులు, మద్యం, ఇంటి హింస, నొప్పికి వైద్యం మీదకూ వెళ్లాలి. మనలాంటి దేశాల్లో రెండో వాదనకు బలం పెరుగుతోంది, అయితే మొదటిదాన్ని పక్కకు నెట్టే ఆధారమేమీ రాలేదు.

"లో రిస్క్"ను లెక్కలో పెట్టి చూస్తే

ఇప్పుడు ఆ తల్లి చేతిలోని కాగితానికి వద్దాం. ఒక ఉదాహరణ చేద్దాం. అంకెలు లెక్క కోసం అనుకున్నవి.

ప్రయత్నం తర్వాత ఆసుపత్రికి వచ్చి డిశ్చార్జి అయినవాళ్లు పదివేలమంది అనుకోండి. ఏడాదిలో వాళ్లలో వందమంది, అంటే నూటికి ఒకరు, ఆత్మహత్యతో చనిపోతారనుకుందాం. మన దగ్గర చాలా పదునైన ఫారం ఒకటి ఉంది. నిజంగా ముప్పులో ఉన్న నూటికి 80 మందిని పట్టుకుంటుంది, ముప్పు లేని నూటికి 80 మందిని సరిగ్గా వదిలేస్తుంది.

ఆ వందమందిలో 80 మందికి "హై" అని పడుతుంది. మిగిలిన 9,900 మందిలో ఇరవై శాతం, అంటే 1,980 మందికి కూడా పొరపాటున "హై" అనే పడుతుంది. మొత్తం "హై" 2,060. వాళ్లలో నిజంగా చనిపోయేది 80 మంది, నూటికి నలుగురు. అంటే "హై" అని ముద్ర పడిన నూటికి 96 మంది ఆ ఏడాది బతికే ఉంటారు. ఇక "లో" అని ఇంటికి పంపినవాళ్లలో ఇరవైమంది చనిపోతారు.

ఇది మంచి ఫారంతో వచ్చిన లెక్క. అసలు అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, చనిపోయినవాళ్లలో దాదాపు సగంమంది అంతకుముందు "లో" గడిలోనే ఉన్నారు. యాభై ఏళ్లలో వచ్చిన 365 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2017లో వచ్చింది. మనం ఎంచుకున్న ముప్పు అంశాలు చెప్పే జోస్యం బొమ్మాబొరుసు కన్నా కొంచెమే మెరుగని, ఆ యాభై ఏళ్లలో అది మెరుగుపడనేలేదని తేల్చింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2022లో స్పష్టంగా చెప్పింది: భవిష్యత్తు ఆత్మహత్యను ఊహించడానికి స్కోరు ఫారాలు వాడవద్దు, వాటిని బట్టి ఎవరికి చికిత్స ఇవ్వాలో తేల్చవద్దు.

మరి కంప్యూటరు? అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు 2017 నుంచి రికార్డులను యంత్రంతో జల్లెడ పట్టి, ముప్పు అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న వెయ్యికి ఒకరిని ఎంచి డాక్టర్లకు చెబుతున్నాయి. ఆ ఏర్పాటు తర్వాత వాళ్లు వైద్యుడి దగ్గరకు ఎక్కువసార్లు వచ్చారు, నమోదైన ప్రయత్నాలు తగ్గాయి. మరణాల్లో మాత్రం తేడా కనిపించలేదు. సమర్థించేవాళ్ల మాటలోనూ న్యాయం ఉంది: డాక్టర్లు కొద్దిమందే ఉన్నచోట ఎవరికి ముందు ఫోన్ చేయాలో తేల్చడానికి ఏదో ఒక వరుస కావాలి కదా. వరుస పెట్టడం వరకు ఒప్పుకోవచ్చు. ఆ వరుసలో చివర ఉన్నవాడికి భయం లేదనడమే లెక్కకు నిలవదు.

గంటల్లో మారేదాన్ని కాగితం మీద ఎలా పట్టడం?

ఫారాలు ఓడిపోవడానికి ఒక కారణం ఫోన్ల ద్వారా జరిగిన అధ్యయనాల్లో బయటపడింది. ముప్పులో ఉన్నవాళ్లను రోజుకు నాలుగైదుసార్లు "ఇప్పుడెలా ఉంది?" అని ఫోన్‌లోనే అడిగి రాసుకున్నారు. ఆలోచన తీవ్రత రోజంతా ఒకేలా ఉండదనీ, కొద్ది గంటల్లోనే బాగా పెరిగి తగ్గుతుందనీ తేలింది. ఉదయం పదకొండుకు రౌండ్స్‌లో డాక్టరు రాసిన "లో" ఆ పదకొండు గంటలకు నిజమే. ఆ రాత్రి రూములో ఒంటరిగా ఉన్నప్పుడు, మేస్త్రి డబ్బులివ్వనని ఫోన్ చేసినప్పుడు అది ఎలా ఉంటుందో కాగితానికి తెలియదు.

"అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా?"

ఈ భయం మన ఇళ్లలో బాగా ఉంది. వార్డు బయట ఆ తల్లి కూడా "వాడికాడ ఆ మాటెత్తొద్దు" అని నా చెయ్యి పట్టుకుని చెప్పింది. దీన్ని నేరుగా పరీక్షించారు. న్యూయార్క్ రాష్ట్రంలో 2,342 మంది హైస్కూలు పిల్లల్ని రెండుగా విడదీసి, ఒక సగానికి ఆత్మహత్య గురించి ప్రశ్నలు వేశారు, ఇంకో సగానికి వేయలేదు. 2005లో వచ్చిన ఫలితంలో, అడిగినవాళ్లలో బాధ గానీ ఆలోచనలు గానీ పెరగలేదు. డిప్రెషన్ ఉన్న పిల్లలు, ముందొక ప్రయత్నం చేసిన పిల్లలు అడిగాక కాస్త తేలికపడినట్టే కనిపించారు. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాలూ దీనికి ఎదురు చెప్పలేదు.

ఒక గంట మాట, తొమ్మిది పలకరింపులు

ముందే కనిపెట్టలేకపోతే చేతులు కట్టుకోవాలా? ఇక్కడ చెన్నై కథ వస్తుంది. 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ అక్కడ ఆత్మహత్యల నివారణకు స్నేహ అనే సంస్థ మొదలుపెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు చోట్ల (చెన్నై, కొలంబో, బ్రెజిల్‌లో కాంపినాస్, ఇరాన్‌లో కరజ్, చైనాలో యున్‌చెంగ్) జరిపిన పరిశోధనలో చెన్నై భాగాన్ని నడిపించిందీ ఆమే.

ఆ ఐదు చోట్లా కలిపి, ప్రయత్నం తర్వాత ఎమర్జెన్సీకి వచ్చిన 1,867 మందిని లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు వైద్యం. ఇంకో గుంపుకు దానితోపాటు డిశ్చార్జి సమయంలో ఒక గంట మాట: ఏం జరిగింది, మళ్లీ అలాంటి గడియ వస్తే ఏం చేయవచ్చు, ఎవరి దగ్గరికి పోవచ్చు. తర్వాత పద్దెనిమిది నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్ గానీ, ఇంటికి వెళ్లడం గానీ. 1, 2, 4, 7, 11 వారాలకు, ఆపై 4, 6, 12, 18 నెలలకు. ఖరీదైన మందు లేదు, యంత్రం లేదు. పలకరింపు, అవసరమైతే ఎక్కడికి వెళ్లాలో చెప్పడం, అంతే.

2008లో ప్రచురించిన ఫలితం: మామూలు వైద్యం పొందినవాళ్లలో 2.2 శాతం, అంటే 18 మంది, ఆత్మహత్యతో చనిపోయారు. పలకరింపు అందినవాళ్లలో 0.2 శాతం, అంటే ఇద్దరు. తేడా నూటికి ఇద్దరు. యాభైమందిని పద్దెనిమిది నెలలు పలకరిస్తూ ఉంటే ఒక ప్రాణం నిలుస్తుందని లెక్క. గుండెజబ్బులో ఏళ్ల తరబడి వాడే చాలా మాత్రలకు కూడా ఇంత మంచి లెక్క రాదు.

సందేహాలూ ఉన్నాయి, వాటినీ చెప్పాలి. మధ్యలో కొందరి ఆచూకీ దొరకలేదు. మరణాలు మొత్తం ఇరవైయే కాబట్టి కొద్దిమంది అటూ ఇటూ అయినా అంకె మారుతుంది. ఫ్రెంచ్ పాలినేసియాలో ఇదే పద్ధతితో చేసిన పరిశోధనలో మేలు కనిపించలేదు. మామూలు వైద్యమే బాగున్నచోట అదనంగా ఒరిగేది తక్కువేమో, డిశ్చార్జి తర్వాత ఎవరూ పట్టించుకోని మనలాంటి చోట ఎక్కువేమో అన్నది ఒక వివరణ. అయినా అన్ని పరిశోధనలనూ కలిపి 2017లో చేసిన సమీక్షలో ఆత్మహత్య మరణాలను తగ్గించినట్టు నిలబడిన కొద్ది పద్ధతుల్లో ఇదొకటి.

దీనికి తోబుట్టువు లాంటిదే సేఫ్టీ ప్లాన్. ఒక్క కాగితం మీద, ఆ మనిషి మాటల్లోనే: నాకు ముదురుతోందని తెలిపే గుర్తులు ఏమిటి, మనసు మళ్లించుకోవడానికి ఏం చేస్తాను, ఎవరికి ఫోన్ చేస్తాను, ఇంట్లో ఏ వస్తువు నాకు దూరంగా ఎవరి దగ్గర ఉంచాలి. అమెరికాలో తొమ్మిది ఎమర్జెన్సీ విభాగాల్లో ఐదింట ఈ కాగితం, ఆపై ఫోన్ పలకరింపు ఇచ్చి చూశారు. ఆరు నెలల్లో ఆత్మహత్య ప్రవర్తన మిగతా నాలుగు చోట్ల 5.29 శాతం ఉంటే ఈ ఐదింట 3.03. లాటరీ వేసి చేసిన పరిశోధన కాదు కాబట్టి పైన చెప్పిన ఐదు చోట్ల ఫలితమంత గట్టిది కాదు.

మందుల మీద వాదన

డిప్రెషన్ మందులే ఆత్మహత్య ఆలోచనలు పుట్టిస్తాయని చాలామంది విని ఉంటారు. దాని మూలం ఇది: పిల్లల మీద జరిగిన 24 ట్రయల్స్‌ను కలిపి చూస్తే, మందు వాడినవాళ్లలో నూటికి నలుగురిలో ఆలోచన గానీ ప్రవర్తన గానీ కనిపించింది, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో ఇద్దరిలో. ఆ ట్రయల్స్‌లో ఒక్కరూ ఆత్మహత్యతో చనిపోలేదు. అయినా 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ డబ్బా మీద గట్టి హెచ్చరిక వేయించింది, తర్వాత దాన్ని 24 ఏళ్ల వయసు దాకా పొడిగించింది. 65 దాటినవాళ్లలో ఇవే మందులు ముప్పును తగ్గించాయి. హెచ్చరిక వల్ల అవసరమైన పిల్లలకు కూడా మందు దూరమై కీడు జరిగిందని ఒక వర్గం, మొదటి వారాల్లో దగ్గరగా కనిపెట్టుకోమని చెప్పడం మంచిదేనని ఇంకో వర్గం ఇప్పటికీ వాదించుకుంటున్నాయి.

స్కిజోఫ్రీనియా అనే తీవ్ర మానసిక జబ్బు ఉన్న 980 మందిపై 2003లో వచ్చిన ట్రయల్‌లో క్లోజపీన్ అనే మందు మేలు చేసింది. లిథియం అనే మరో మందు గురించి పాత ట్రయల్స్ ఆశ కల్పించాయి, 519 మంది మాజీ సైనికులతో జరిగి 2022లో వెలువడిన ట్రయల్‌లో మాత్రం తేడా కనిపించక మధ్యలోనే ఆపేశారు.

ఇన్ని ట్రయల్స్ జరిగినా గట్టి జవాబు ఎందుకు రాదు? మన దేశంలో 2022లో నమోదైన ఆత్మహత్యలు 1,70,924, లక్షకు 12.4. లక్షమందికి ఏడాదిపాటు ఒక చికిత్స ఇచ్చి నాలుగోవంతు మరణాలు తప్పించామనుకోండి. పన్నెండు తొమ్మిదవుతాయి. ఆ మూడు మన గొప్పా, కాకతాళీయమా ఎవరూ చెప్పలేరు. అందుకే పరిశోధకులు మరణాలకు బదులు ఆలోచనలనూ ప్రయత్నాలనూ కొలుస్తారు. పైన చెప్పుకున్నట్టు అవి మూడూ ఒకటి కావు.

మనిషిని వెతకకుండానే ముప్పు తగ్గించిన చోట్లు

శ్రీలంక 1990ల మధ్య నుంచి అతి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించింది. అప్పటితో పోలిస్తే ఆత్మహత్య రేటు సుమారు 70 శాతం తగ్గింది. ఎవరు ముప్పులో ఉన్నారో అక్కడ ఎవరినీ అడగలేదు. తమిళనాడులో కడలూరు జిల్లాలోని రెండు ఊళ్లలో పురుగుమందులను ఇళ్లలో కాకుండా ఊరుమ్మడి గదిలో తాళాల పెట్టెల్లో దాచే ఏర్పాటు చేసి చూశారు. చిన్న అధ్యయనం, ఫలితం ఆశాజనకం. పరీక్ష తప్పిన పిల్లలకు ఏడాది పోకుండా వెంటనే సప్లిమెంటరీ రాసే వీలు తమిళనాడులో రావడానికీ స్నేహ లాంటి సంస్థల ఒత్తిడి తోడ్పడింది. ఇంటర్ ఫలితాల రోజు గుండె చిక్కబట్టుకుని కూర్చునే మన రెండు రాష్ట్రాల తల్లిదండ్రులకు ఆ వీలు విలువ వేరే చెప్పనక్కర్లేదు.

కేసు భయం, తప్పే లెక్కలు

వార్డులో ఆ తల్లి నన్ను గుసగుసగా అడిగిన ఇంకో మాట "పోలీసు కేసయితాదా?" అన్నది. 2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్య ప్రయత్నాన్ని నేరమన్న పాత 309 సెక్షన్ లేదు. ప్రభుత్వోద్యోగిని బలవంతపెట్టడానికి చేసే ప్రయత్నం మాత్రమే 226 కింద నేరంగా మిగిలింది. చట్టం మారినా భయం మారలేదు. "పొరపాటున జరిగింది" అని రాయించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 2010లో పోలీసు లెక్కల్లో 1,34,600 దాకా మరణాలుంటే, ఇంటింటికీ తిరిగి కారణాలు సేకరించిన అధ్యయనం అదే ఏడాదికి 1,87,000 అని అంచనా వేసింది.

2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి-మానస్‌కు బెంగళూరు నిమ్హాన్స్ కేంద్రస్థానం. 14416కు రాత్రీపగలూ ఎప్పుడు చేసినా డబ్బు పడదు, తెలుగు ఎంచుకోవచ్చు. చెన్నై స్నేహ నంబరు 044-24640050. చదువుతున్న మీకే మనసు అలా ఉంటే, ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు ఆ ఫోన్ చేయండి.

ఆ తల్లికి నేను చెప్పింది చిన్న మాటే. "ఈ పొద్దుకు తగ్గిందని రాశారక్కా. మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో, ఎవరు ఫోన్ చేస్తారో అది అడుగుదాం పా." నర్సు దగ్గరికి వెళ్లాం. ఆమె తెలుగు కొద్దిగా మాట్లాడుతుంది, వాళ్లది హిందూపురం పక్కనట. డిశ్చార్జి కాగితం వెనక బాల్‌పెన్నుతో మూడు తారీకులు, ఒక నంబరు రాసింది. కొడుకు ఆ నంబరు సేవ్ చేసుకుంటూ "ఏం పేరు పెట్టాలి?" అన్నాడు. "సిస్టర్ అని పెట్టుకో, సోమవారం పదింటికి చేస్తా, ఎత్తు" అంది ఆవిడ.